కొక్కేనికి వేలాడిన రింగు

ఆవిడ వచ్చేసరికి డిటెక్టివ్ చొక్కా గుండీ కుట్టుకుంటున్నాడు. తన గుండీలు తనే కుట్టుకుంటాడు. దారపు ఉండ ఎప్పుడూ జేబులో ఉంటుంది. అసిస్టెంటుకి ఈ అలవాటు నచ్చదు. క్లయింటు తలుపు తీసేసరికి సార్ సూదితో కనిపిస్తే ఆఫీసు పరువేం కావాలని అతని బాధ. ఒకటి రెండుసార్లు చెప్పి చూసి ఊరుకున్నాడు.

ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. యాభై దాటిన మనిషి. తాళాల గుత్తిని బల్ల మీద పెట్టకుండా ఒళ్లోనే పట్టుకుంది.

"నేను దొంగతనం చేయలేదని మీరు చెప్పాలండి," అంది.

"ఎవరికి?"

"మా ఊరికి."

డిటెక్టివ్ దారం కొరికి, సూది పక్కన పెట్టాడు.

వాళ్ల ఊళ్లో ఒక రైల్వే స్టేషను ఉంది. ఆవిడ చిన్నతనంలోనే రైళ్లు ఆగిపోయాయి. ఇన్నాళ్లూ పావురాలకి తప్ప ఎవరికీ పట్టలేదు. ఈ మధ్య ఊరివాళ్లు సంఘం పెట్టి, స్టేషనుని బాగుచేసి, పాత సామానుతో ప్రదర్శనశాల చేశారు. ఎల్లుండి ప్రారంభం. తాళాలు ఈవిడ దగ్గరే ఉంటాయి. నిన్న మధ్యాహ్నం తలుపుకి గడియ మాత్రం పెట్టి భోజనానికి వెళ్లొచ్చేసరికి ఒక రింగు పోయింది.

"బంగారమా?" అన్నాడు అసిస్టెంటు, కలం తీస్తూ.

"ఇనపదండి. లివర్ రింగు." అతని ముఖం చూసి ఆవిడే విడమరిచి చెప్పింది. "ఒక లైను మీద పెట్టెలు నిలబడి ఉన్నాయనుకోండి. ఇంకో బండిని ఆ లైనులోకి పంపకూడదు కదా. మనిషి మరిచిపోతాడేమోనని, ఆ లైనుకి దారి మళ్లించే లివర్ తలకి రింగు తొడుగుతారు. రింగు ఉన్నంతసేపూ లివర్ లాగడం కుదరదు. లాగాలంటే ముందు రింగు తీయాలి. తీసేటప్పుడైనా గుర్తొస్తుందని."

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

"మా నాన్న అక్కడ పాయింట్స్‌మన్. లివర్లు లాగడం ఆయన పని. ఒకరోజు గూడ్సు బండి పక్క లైనులోకి మళ్లి, అక్కడున్న ఖాళీ పెట్టెల్ని గుద్దింది. డ్రైవరు కాలు పోయింది. ఎంక్వయిరీ వాళ్లు వచ్చి చూస్తే రింగు లివర్‌కి లేదు, గోడ మీద కొక్కేనికి ఉంది. నాన్న వేశానన్నాడు. ఎవరూ నమ్మలేదు. గుద్దిన రోజే ఆయన్ని పనిలోంచి ఆపేశారు, మళ్లీ ఆ లివర్ల కేబిన్ గడప తొక్కనివ్వలేదు. తర్వాత లైను వేరే దారిన వేశారు. ఊరికి రైలు లేకుండా చేసింది మా నాన్నేనని పేరు పడిపోయింది. నేను బడికి వెళ్తుంటే పిల్లలు వెనక నుంచి ఇంజను కూత పెట్టేవాళ్లు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ఆ మాటే బోర్డు మీద రాయిస్తున్నారండి, స్టేషను చరిత్ర అని. రింగు నాన్న తప్పుకి సాక్ష్యం కాబట్టి నేనే మాయం చేశానంటున్నారు. రేపు సాయంత్రం సంఘం కూర్చుంటుంది. తాళాలు ఇచ్చేయమంటారు. ఇచ్చేస్తాను, అదేం పెద్ద సంగతి కాదు. తండ్రి పోగొట్టాడు, కూతురు దాచేసింది అనే మాట మాత్రం ఇక ఎప్పటికీ పోదు."

"మీ నాన్న రింగు వేశాడని మీరు నమ్ముతున్నారా?"

ఆవిడ గుత్తిలోని తాళాలు ఒక్కొక్కటీ జరుపుతూ కూర్చుంది.

"నమ్మాలని ఉందండి," అంది చివరికి.

డిటెక్టివ్ లేచి చొక్కా తొడుక్కున్నాడు. ఆ జవాబు విన్నాకే కేసు ఒప్పుకున్నాడని అసిస్టెంటుకి అర్థమైంది. వానాకాలం కావడంతో గొడుగులు రెండూ తీసుకున్నాడు.

స్టేషను అంటే మూడు గదులు, ఒక ప్లాట్‌ఫారం. పట్టాలు ఎత్తేసిన చోట గడ్డి మొలిచింది. దూరంగా ఇనప స్తంభాల మీద ఇంజను నీళ్ల ట్యాంకు తుప్పు పట్టి నిలబడి ఉంది. చివరి గది కేబిన్. అందులో లివర్లు మనిషి ఛాతీ ఎత్తున వరసగా నిలబడి ఉన్నాయి. వాటి పిడులు అద్దాల్లా మెరుస్తున్నాయి.

అసిస్టెంటుకి చిన్నప్పటి సరదా గుర్తొచ్చింది. దగ్గరున్న లివర్ పిడి గట్టిగా పట్టుకుని లాగబోయాడు.

"బాబూ, వట్టి చేత్తో పట్టుకోకండి," అంది ఆవిడ. "పాలిష్ పెట్టిన ఉక్కు. చేతి చెమట తగిలితే తెల్లారేసరికి తుప్పు మచ్చ పడుతుంది. ఈ వానల్లో ఇంకా తొందరగా పడుతుంది. లివర్ల మీద పనిచేసేవాళ్లు గుడ్డ లేకుండా ముట్టుకోరు. నాన్న భుజం మీద ఎప్పుడూ ఒక గుడ్డ ఉండేది. అన్నం తినేటప్పుడు కూడా."

"మరి ఇప్పుడు నేను పట్టుకున్నది?"

"రేపు వచ్చి చూసుకోండి. మీ ఐదు వేళ్లూ పలకరిస్తాయి."

డిటెక్టివ్ నవ్వలేదు. వరసలో చివరి లివర్ దగ్గర ఆగాడు. ఆ లివర్‌కీ గోడకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగితే పట్టేంత సందు ఉంది. ఆ సందు చివర గోడకి ఎత్తుగా ఒక కొక్కెం ఉంది.

"ఈ లివర్ ఎప్పుడూ ఇలాగే నిటారుగా ఉంటుందా?"

"లేదండి. జనం ఆ సందులోకి దూరకుండా ముందుకు లాగి ఉంచాను. మొన్న సాయంత్రమే అన్నిటికీ పాలిష్ పెట్టాను. రింగు పోయాక చూస్తే ఇలా నిలబడి ఉంది. నేను ముట్టుకోలేదు."

సందులోకి వెళ్లాలంటే లివర్‌ని వెనక్కి నెట్టాలి. దొంగ నెట్టాడు. అసిస్టెంటు ఆ మాట నోట్ చేసుకున్నాడు. ఈలోగా డిటెక్టివ్ సందులోకి దూరాడు. ఆ గోడకి సున్నం వేయలేదు, సందులో బ్రష్షు తిరగక వదిలేశారు. ఏళ్ల తరబడి పట్టిన మసి, దుమ్ము మధ్యలో, కొక్కెం కింద, రింగు వేలాడిన చోట తెల్లటి వలయం ఉంది. కొక్కేనికి పైన దుమ్ములో ఐదు వేళ్ల ముద్రలున్నాయి. దించేటప్పుడు ఎవరో రెండో చెయ్యి గోడకి ఆనించారు.

"మీరు ఒకసారి ఇది అందుకోండి," అన్నాడు డిటెక్టివ్.

ఆవిడ మునివేళ్ల మీద లేచింది. కొక్కెమే అందలేదు.

"అందదండి. స్టూలు వేసుకుందామంటే సందులో పట్టదు. అందుకే ఇన్నేళ్లలో ఎవరూ దాన్ని దించలేదు. మొన్న మీటింగులో నేనే అడిగాను, ఎవరైనా పొడుగు మనిషి తీసిపెట్టండి, ప్రారంభం రోజున లివర్‌కి తొడిగి చూపిద్దాం అని."

"ఎవరెవరున్నారు ఆ మీటింగులో?"

"సంఘమంటే మేం నలుగురమేనండి. హెడ్మాస్టారు, చిన్న మాస్టారు, టీకొట్టు కేక, నేను."

డిటెక్టివ్ జేబులోంచి దారపు ఉండ తీశాడు. గోడ మీది వలయం లోపలి అంచు వెంట దారం పరిచి, కొలత పట్టి, తెంపాడు. తర్వాత ఆ దారాన్ని ఒక లివర్ పిడి చుట్టూ తిప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. పిడి అంటే ఒక్క కడ్డీ కాదు, పట్టుకునే కడ్డీకి పక్కనే నొక్కే ఇనప నాలుక కూడా ఉంటుంది. రెండిటినీ కలిపి చుట్టాడు. ఏం తేలిందో అసిస్టెంటుకి చెప్పలేదు. అడిగినా చెప్పడని అతనికి తెలుసు.

హెడ్మాస్టారు ప్లాట్‌ఫారం మీద పెయింటరు పక్కన నిలబడి ఉన్నాడు. బడి నుంచి రిటైరైనా పేరులోంచి రిటైరు కాలేదు. బోర్డు మనిషికన్నా ఎత్తు ఉంది. సగం అక్షరాలు ఆరాయి, సగం తడిగా ఉన్నాయి.

"ఈ ఒక్క వాక్యం చదవండి," అన్నాడు. డిటెక్టివ్ చదవడం మొదలుపెట్టాడు. మూడో వరసలో ఊపిరి తీసుకున్నాడు. ఐదో వరసలో పాయింట్స్‌మన్ నిర్లక్ష్యం వచ్చింది.

"రింగు ఎవరు తీసి ఉంటారంటారు?"

"నాకు ఎవరి మీదా కక్ష లేదండీ. కానీ రింగు పోతే ఎవరికి లాభం? నేను చరిత్ర రాసేవాణ్ణి, నాకు లాభం లేదు. టీ అమ్ముకునే కేక ఉన్నాడు. పాత ఇనుముకి ఈ రోజుల్లో గిరాకీ ఉంది. అంతకన్నా నేను నోరు విప్పను."

రోడ్డుకి అవతల కేక టీకొట్టు. కేక ఒకప్పుడు ఇదే ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాడు. అతను అరిస్తే చివరి పెట్టెలో నిద్రపోయేవాళ్లు లేచేవారట. ఆ పేరు అలా వచ్చింది. ఇప్పుడు గొంతు జీరబోయింది.

"ఇనుము కోసమా?" అన్నాడు గ్లాసులు కడుగుతూ. "ఇనుమే కావాలంటే ఇన్నేళ్లలో స్టేషనంతా మోసుకుపోయేవాణ్ణి కదండీ. ఒక్క రింగు పట్టుకెళ్లి ఏం చేసుకోను, ముక్కుకి పెట్టుకోనా? హెడ్మాస్టారి మాటలు పట్టించుకోకండి. ఆయన నా దగ్గర టీ తాగుతూనే నా మీద అనుమానపడతాడు."

"ప్రమాదం జరిగిన రోజు నువ్వు ఇక్కడే ఉన్నావా?"

"ఇంకెక్కడుంటాను? స్టేషను మాస్టరు సెలవు. చిన్న మాస్టారు ఒక్కడే డ్యూటీ. చెల్లెమ్మ వాళ్ల నాన్న గేటు దగ్గర పశువులు అడ్డమొస్తే తోలడానికి వెళ్లాడు. గూడ్సు బండి బయట ఆగి కూతల మీద కూతలు పెట్టింది. తర్వాత కేబిన్‌లో లివర్ పడిన చప్పుడైంది. నేను గేటు దగ్గర్నుంచి ఆయన తిరిగొచ్చాడనుకున్నా. బయటికి చప్పుడే వినిపిస్తుంది, లోపల ఎవరున్నారో కనిపించదు."

"ఇది ఎంక్వయిరీలో చెప్పావా?"

"టీ అమ్మేవాణ్ణి ఎవరడుగుతారండీ. టీ అయితే అడిగారు. పంచదార తక్కువన్నారు."

చిన్న మాస్టారు ఇంటి వరండాలో పేపరు చదువుతున్నాడు. అప్పట్లో అతను ఇక్కడ అసిస్టెంటు స్టేషను మాస్టరు. ఇప్పుడు జుట్టంతా నెరిసినా ఊరికి చిన్న మాస్టారే. పొడుగు మనిషి. భుజం మీద తువ్వాలు. పాయింట్స్‌మన్ కూతుర్ని చూడగానే లేచాడు.

"ఏమ్మాయ్, భోజనం చేశావా?"

"చేశాను బాబాయ్."

"ఆ తాళాల పని తనకి ఇమ్మని పట్టుబట్టింది నేనేనండి," అన్నాడు డిటెక్టివ్‌తో. "తండ్రి చేసినదానికి పిల్లనేం అనకూడదు. రింగు తనే తీసినా నేను తప్పు పట్టను. వదిలేయమని సంఘానికి చెప్తాను."

"మీరు ఈ స్టేషనులో ఎన్నాళ్లు చేశారు?"

"మూసేదాకా. వారానికోసారి పక్క స్టేషనుకి కూడా వెళ్లేవాణ్ణి, అక్కడి మాస్టరు సెలవు రోజున ఆయన బదులు చేయడానికి."

"ప్రమాదం రోజున లివర్ ఎవరు లాగారు?"

"పాయింట్స్‌మనే. మాస్టర్లం చెప్తాం, వాళ్లు లాగుతారు. రూలు అది. నా సర్వీసు మొత్తంలో నేను లివర్ ముట్టుకున్నది లేదు. ఎంక్వయిరీలోనూ ఇదే చెప్పాను."

దారిలో అసిస్టెంటు ఉండబట్టలేక అడిగాడు. "సార్, ఆ కొక్కెం ఈ ముగ్గురు మగవాళ్లకీ అందుతుంది. గోడ మీద వేళ్లు ఎవరివో తెలిస్తే సరిపోతుంది కదా?"

"దుమ్ములో వేళ్లు ఉన్నాయి, గీతలు లేవు," అన్నాడు డిటెక్టివ్. "వాటితో మనిషి దొరకడు. నువ్వు రేపు నీ చెయ్యి చూసుకో."

మర్నాడు అసిస్టెంటు నేరుగా కేబిన్‌కి వెళ్లాడు. తను పట్టుకున్న లివర్ పిడి మీద ఐదు వేళ్లూ గోధుమ రంగులో పడి ఉన్నాయి. సిగ్గేసింది. ఆవిడ గుడ్డ తీసుకుని తుడవబోతే డిటెక్టివ్ వద్దన్నాడు. అసిస్టెంటు చివరి లివర్ దగ్గరికి వెళ్లి చూశాడు. దొంగ నెట్టిన ఆ లివర్ మీద ఒక్క మచ్చ లేదు.

"వేలిముద్రలు పడకుండా జాగ్రత్తపడ్డాడు సార్," అన్నాడు.

"అలా అయితే గోడకి వట్టి చెయ్యి ఎందుకు ఆనించాడు?"



సాయంత్రం సంఘం కేబిన్‌లోనే కూర్చుంది. హెడ్మాస్టారు కుర్చీలో, కేక గడప మీద, చిన్న మాస్టారు కిటికీ పక్కన. పాయింట్స్‌మన్ కూతురు తాళాల గుత్తిని ముందే బల్ల మీద పెట్టేసింది.

"విచారణ అయిందా?" అన్నాడు హెడ్మాస్టారు.

"అయింది. ముందు చిన్న సాయం చేయండి. ఈ చివరి లివర్‌ని మళ్లీ ముందుకు లాగాలి. బిగుసుకుపోయినట్టుంది. మీరొకసారి చూస్తారా?"

హెడ్మాస్టారు లేచి రెండు చేతులతో పిడి పట్టుకుని లాగాడు. నాలుక నొక్కలేదు. లివర్ కదల్లేదు. "తుప్పు," అని తీర్మానించి కూర్చున్నాడు.

కేక వచ్చి అరచేతుల్లో ఉమ్మి వేసుకుని పట్టాడు. ఊపాడు. ఒక కాలు చట్రానికి తన్ని లాగాడు. "ఇది నాకన్నా మొండిది," అని వదిలేశాడు.

"మాస్టారూ, మీరు?"

"ఈ వయసులో నాకెందుకులెండి," అంటూనే చిన్న మాస్టారు లేచాడు. లివర్ ముందు నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి, రెండు మడతలు వేసి, పిడి మీద పరిచి పట్టుకున్నాడు. నాలుక నొక్కి, ఒంటి బరువు వెనక్కి వేశాడు. లివర్ ఒక్క ఊపున వచ్చి చప్పుడుతో పడింది.

ఆ చప్పుడుకి కేక తలెత్తాడు.

"గుడ్డ ఎందుకు వేశారు మాస్టారూ?" అన్నాడు డిటెక్టివ్.

చిన్న మాస్టారు తన చేతుల వైపు చూసుకున్నాడు. తువ్వాలు ఇంకా పిడి మీదే ఉంది.

"తప్పు పట్టడానికి కాదు," అన్నాడు డిటెక్టివ్. "మా అసిస్టెంటు నిన్న లివర్ పట్టుకున్నాడు, మచ్చ చూడండి. దొంగ చివరి లివర్ నెట్టాడు, దాని మీద మచ్చ లేదు. కానీ రింగు దించేటప్పుడు గోడకి వట్టి చెయ్యే ఆనించాడు. ముద్రలు దాచుకునేవాడైతే రెండు చోట్లా దాచుకుంటాడు. ఇతను దాచుకోలేదు. లివర్‌ని గుడ్డతో పట్టుకోవడం అతని చేతికి అలవాటు, అంతే. ఆ అలవాటు లివర్లు లాగినవాళ్లకే ఉంటుంది. ఈ ఊళ్లో అలాంటివాళ్లు ఇద్దరే. ఒకరు ఈవిడ. కొక్కెం ఈవిడకి అందదు. రెండోవారు, సర్వీసు మొత్తంలో లివర్ ముట్టుకోలేదని చెప్పిన మనిషి."

హెడ్మాస్టారు నెమ్మదిగా అడిగాడు. "ఆయనకి రింగుతో ఏం పని? అది ఆయన మాటకే సాక్ష్యం కదా."

డిటెక్టివ్ జేబులోంచి దారం తీసి ఆవిడకిచ్చాడు. "గోడ మీది మచ్చ కొలత ఇది. రింగు లోపలి చుట్టు. ఏదైనా లివర్‌కి తొడగండి."

ఆవిడ దారం కొసలు రెండూ పట్టుకుని పిడి చుట్టూ తిప్పింది. కొసలు కలవలేదు. మధ్యలో మూడు వేళ్ల ఎడం మిగిలిపోయింది. పక్క లివర్‌కి చూసింది. ఇంకోదానికి చూసింది.

"ఇది పట్టదు," అంది.

"పట్టదు. ఇన్నేళ్లూ ఆ కొక్కేనికి వేలాడిన రింగు ఈ స్టేషనుది కాదు. ఈ లివర్లలో దేనికీ అది ఎన్నడూ తొడిగింది కాదు. ఎంక్వయిరీ వాళ్లు కొక్కేనికి రింగు ఉందా లేదా అని చూశారు. దించి తొడిగి చూడలేదు. పాయింట్స్‌మన్ చూస్తే గుర్తుపట్టేవాడు, కానీ ఆయన్ని లోపలికి రానివ్వలేదు. మొన్న ఈవిడ రింగు తొడిగి చూపిస్తాననేదాకా ఎవరికీ భయం లేదు. ఈవిడకే ఆ సంగతి ముందు తెలిసి ఉంటే దొంగిలించేది కాదు, ఊరంతా పిలిచి చూపించేది."

చిన్న మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

"గూడ్సు బండి కూతలు పెడుతోంది," అన్నాడు. "మీ నాన్న గేటు దగ్గర ఉండిపోయాడు. ఆలస్యమైతే నేను జవాబు చెప్పుకోవాలి. అలాంటప్పుడు నేనే లాగేవాణ్ణి, మీ నాన్న చూసీ చూడనట్టు ఉండేవాడు. ఖాళీ పెట్టెలు పొద్దున్నే వెళ్లిపోయాయనుకున్నాను. రింగు తీయడం మరిచిపోయాడని విసుక్కుంటూ తీశాను. గుద్దిన చప్పుడు విని పరుగెత్తాను. సగం దూరం వెళ్లాక చూసుకుంటే రింగు నా చేతిలోనే ఉంది. ఎదురుగా జనం వస్తున్నారు. నీళ్ల ట్యాంకులోకి విసిరేశాను. తర్వాత కొక్కెం ఖాళీగా ఉంటే మీ నాన్న మాట నిజమని తేలుతుందని, పక్క స్టేషను నుంచి ఒకటి తెచ్చి వేలాడదీశాను. అక్కడివి పాతకాలపు సన్న లివర్లు. ఈ రింగు చిన్నదని నాకు తెలుసు."

"బాబాయ్," అంది ఆవిడ.

"లైను ఎలాగూ ఎత్తేసేవాళ్లమ్మాయ్. ఆ ప్రమాదంతో సంబంధం లేదు. ఆర్డర్లు అంతకుముందే వచ్చాయి."

"అది కూడా మీకు తెలుసు."

"తెలుసు."

"నన్ను చూసి పిల్లలు కూత పెడుతుంటే మీరు అదిలించేవారు. మీరొక్కరే." ఆవిడ దారం వేలికి చుట్టుకుంటోంది. "నాన్నకి చివరి రోజుల్లో తనమీదే అనుమానం వచ్చింది. నిజంగా వేశానా అని నన్ను అడిగేవాడు. ఏం చెప్పను? నేను వేశావులే అనేదాన్ని. నమ్మి అనలేదు."

చిన్న మాస్టారు తల దించుకున్నాడు.

"రేపు జనం ముందు ఈ మాట ఎవరు చెప్తారు?" అన్నాడు డిటెక్టివ్.

"నేనే చెప్తాను," అన్నాడు చిన్న మాస్టారు.

పొద్దున్నే కేక నిచ్చెన తెచ్చాడు. ట్యాంకు ఎండిపోయి ఏళ్లయింది, వాన తేమకి అడుగున బురద. అసిస్టెంటు పంట్లాం మడిచి దిగాడు. పావురాల ఈకలు, ఒక చెంబు, కప్ప ఒకటి దొరికాయి. తర్వాత కాలికి గుండ్రటిది తగిలింది.

ఆవిడ దాన్ని కడిగింది. భుజం మీది గుడ్డతో తుడిచింది. తుప్పు పొరలు రాలాయి. పక్క లైను లివర్ తలకి పెట్టి వదిలింది. రింగు తనంతట తనే కిందికి జారి, చోటు తెలిసినట్టు కూర్చుంది.

ఆవిడ చాలాసేపు దాని మీద చెయ్యి వేసి నిలబడింది. చేతికి గుడ్డ అడ్డం పెట్టుకోలేదు.

బయట పెయింటరు బోర్డు మీద పాత వాక్యాన్ని తెల్లరంగుతో కొట్టేసి, బ్రష్షు పట్టుకుని కూర్చున్నాడు. ప్రారంభానికి జనం రావడం మొదలైంది. వాళ్లలో చిన్న మాస్టారు కూడా ఉన్నాడు, దొంగిలించిన రింగు చేత్తో పట్టుకుని. హెడ్మాస్టారు కొత్త వాక్యం కాగితం మీద సిద్ధం చేశాడు. చదవడం మొదలుపెట్టాడు. రెండో వరసకి వచ్చేసరికి ఆవిడ అడ్డు తగిలింది.

"అంత వద్దు మాస్టారూ. మా నాన్న రింగు వేశాడు అని రాయించండి. చాలు."

హెడ్మాస్టారు కాగితం వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పాయింట్స్‌మన్ రింగు వేశాడు," అన్నాడు పెయింటరుతో. "చుక్క పెట్టు."